మామయ్య ముంచిన ఓడ

మా మామయ్య ఓడ ముంచాడు. ఇది నేను గిట్టక అంటున్న మాట కాదు, ఆయనే చెప్పుకునేవాడు. టీ తాగడానికి వచ్చినవాళ్ళకి చెప్పేవాడు, వాన పడుతోందని చూరు కింద నిలబడ్డవాళ్ళకి చెప్పేవాడు, దారి తప్పి గుమ్మంలో ఆగినవాళ్ళని లోపలికి పిలిచి మరీ చెప్పేవాడు. లోకంలో ఎవరైనా చేసిన తప్పు కప్పిపుచ్చుకుని చెయ్యని గొప్ప చాటుకుంటారు. ఈయనకి మాత్రం తన తప్పు ఎవరూ ఒప్పుకోవడం లేదని బాధ. పోనీ ఆ ఓడకి కెప్టెనా అంటే కాదు, ఇంజనీరా అంటే కాదు. వంటవాడు. అందుకే రేవులో ఆయనకి, ఓడల్ని పేల్చే బాంబు పేరు, టార్పీడో అని పెట్టారు. తర్వాత ఆయన పెట్టుకున్న క్యాంటీన్‌ని కూడా టార్పీడో క్యాంటీన్ అనేవారు. మామయ్య దానికి కోప్పడలేదు. కనీసం పేరులోనైనా తన మాట నిలబడిందనుకున్నాడేమో.

నేను ఆయన మేనకోడల్ని. అదే ఓడలో మా నాన్న పోయాడు. కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకుంది, మధ్యమధ్యలో విసుక్కునే హక్కు కూడా ఉంది.

యుద్ధం రాకముందు మామయ్య సరుకుల ఓడల్లో వంట చేసేవాడు. నాన్న ఇటుకల బట్టీలో నిప్పు చూసేవాడు. యుద్ధం వచ్చాక ఓడలెక్కే మనుషులు కరువయ్యారు. దిక్కుమాలిన జలాంతర్గాములు నీళ్ళ కింద నక్కి వచ్చి సరుకుల ఓడల్ని పేల్చేస్తున్నాయని రోజూ పేపర్లో పడేది. అది చదివి అందరూ గట్టు మీద ఉండిపోతే, మామయ్య వెళ్ళి నాన్నకి తన ఓడలోనే బాయిలరుకి బొగ్గు వేసే పని ఇప్పించాడు. అమ్మ అడ్డుపడలేదు సరికదా, సంతోషించింది. ఒకడు పైన పొయ్యి దగ్గర, ఒకడు కింద నిప్పు దగ్గర, ఒకరి మంచీ చెడ్డా ఒకరు చూసుకుంటారు, ఇంక నాకు బెంగేమిటంది. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. వాడు ఉన్నచోట తన కళ్ళు ఉన్నట్టేనని ఆవిడ లెక్క.

మామయ్యది మహా శుభ్రం. చూసేవాళ్ళకి చిరాకు పుట్టేంత శుభ్రం. ఉల్లిపాయ తరిగితే పొట్టు నేల మీద పడేలోపే పట్టుకునేవాడు. గరిటె తుడవకుండా పెట్టినవాణ్ణి పెద్దంతరం చిన్నంతరం లేకుండా దులిపేసేవాడు. ఓడలో తన వంటిల్లు చూశాక కెప్టెను గదిలోకి వెళితే పశువుల కొట్టంలోకి వెళ్ళినట్టు ఉంటుందని గొప్పలు పోయేవాడు. చుట్టూ సముద్రమంత చెత్తబుట్ట ఉండగా ఆయన శుభ్రానికి లోటేమిటి?

యుద్ధం వచ్చి ఆ చెత్తబుట్టకి మూత పెట్టేసింది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ రాకూడదు, రాత్రిపూట దీపం బయటికి కనిపించకూడదు, పగటిపూట వంటింటి చెత్త నీళ్ళలో పడకూడదు అని ఓడలన్నిటికీ ఆజ్ఞలొచ్చాయి. తొక్కలూ ఆకులూ నీటి మీద బారులు కడితే జలాంతర్గామి వాటి వెంబడే ఓడ దాకా వచ్చేస్తుందట. అందుకని రోజంతా చెత్తని డబ్బాల్లో దాచి చీకటి పడ్డాకే పారబోయాలి. పొగ సంగతీ దీపాల సంగతీ మామయ్యకి పట్టలేదు గానీ, ఈ చెత్త సంగతి ఆయన ప్రాణం మీదికొచ్చింది. వేసవి ఎండ, ఇనప గది, పక్కనే పొయ్యి, మూలన పొద్దున్నించీ మగ్గుతున్న చేప పేగులు. మామూలు మనిషే తట్టుకోలేడు, ఇంక మా మామయ్య సంగతి చెప్పేదేముంది?

ఆ ప్రయాణంలో ఓడ అడుగున రైలు పట్టాలు వేశారు, పైన బెండు మూటలు పేర్చారు. సీసాలకి బిరడాలు చేస్తారే, ఆ బెండు. యుద్ధంలో మనుషులు పస్తులున్నా పరవాలేదు గానీ సీసాలు మూతల్లేకుండా ఉంటాయా? ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, కెప్టెను వంటింటి ముందునుంచి వెళుతూ ముక్కు మూసుకున్నాడు. మామయ్యకి తల కొట్టేసినట్టయింది. అటూ ఇటూ చూసి, డబ్బా ఎత్తి, చేప పేగులూ క్యాబేజీ ఆకులూ దుంప తొక్కలూ మొత్తం సముద్రంలోకి కుమ్మరించాడు. డబ్బా కడిగి బోర్లించి అప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా నాన్న బాయిలరు గదిలోంచి పైకొచ్చాడు. మామయ్య చేతి టీ అంటే ఆయనకి ప్రాణం. మామూలుగా అయితే కింద నిప్పు చల్లబడుతుందని నిలబడే గొంతులో పోసుకుని పరిగెత్తేవాడట. ఆ పూట మాత్రం తీరిగ్గా బల్ల మీద కూచుని, కాలు మీద కాలేసుకుని, రెండో గ్లాసు కూడా అడిగి తాగాడట. నా గురించి మాట్లాడాడట. పిల్లకి నా ముక్కు రాకుండా ఉంటే బాగుండునోయ్ అన్నాడట. వచ్చింది, ఆ ముక్కే వచ్చింది. తర్వాత నాన్న కిందికి దిగి వెళ్ళాడు. కాసేపటికి టార్పీడో వచ్చి సరిగ్గా బాయిలరు గదికే తగిలింది.

ఓడ మునిగింది, బెండు తేలింది. సముద్రం నిండా మూటలే. వాటిని కరుచుకున్నవాళ్ళు బతికారు. మామయ్య మండుతున్న వంటింట్లోంచి రొట్టెల సంచి లాక్కొచ్చి, ఓడ మీంచి దింపిన పడవలోవాళ్ళకి తలో ముక్కా పంచుతూ, ఇంకో ఓడ వచ్చి ఎక్కించుకునేదాకా అందరి ప్రాణాలూ నిలబెట్టాడు.

అది విని ఓడల కంపెనీవాళ్ళు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. గోదాములో సరుకు ఓ పక్కకి నెట్టి, కుర్చీలు వేసి సభ పెట్టారు. ముందు వరుసలో అమ్మ, ఆవిడ ఒళ్ళో నేను. పెద్ద ఆఫీసరొకాయన మామయ్య చొక్కాకి పతకం గుచ్చి, ఇలాంటి వంటవాళ్ళున్నంత కాలం మనకి ఓటమి లేదన్నాడు. రెండు మాటలు మాట్లాడమని ముందుకి తోశాడు. మామయ్య నిజంగా రెండు మాటలే మాట్లాడాడు.

"ఓడని ముంచింది నేనేనండీ. ఎండ ఉండగానే చెత్త పారబోశాను."

ఆఫీసరు నవ్వాడు. ఆఫీసరు నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. ఇంత వినయం ఎక్కడా చూడలేదని చప్పట్లు కొట్టారు. మామయ్య నెత్తీ నోరూ బాదుకున్నాడు, పతకం పీకి వెనక్కివ్వబోయాడు. పాపం ఇంకా తేరుకోలేదని చెప్పి సెలవిచ్చి పంపారు. ఆయన ఊరుకుంటాడా? కంపెనీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి అదే పాట పాడాడు. చివరికి అక్కడి గుమాస్తాకి విసుగెత్తి, వంటవాళ్ళే ఓడలు ముంచగలిగితే శత్రువుకి సబ్‌మెరైన్లు ఎందుకయ్యా అని అడిగేశాడు. మామయ్యకి ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. తప్పు చెయ్యడానికి కూడా హోదా కావాలని ఆయనకి అప్పుడే తెలిసింది.

ఆ సభలో నవ్వనిది ఒక్క మనిషే. మా అమ్మ. మామయ్య మాట నమ్మింది కూడా ఆవిడొక్కతే. ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడటం మానేసింది.

మానేసిందంటే ఎక్కడికో వెళ్ళిపోయిందని కాదు. ఒకే ఇల్లు, రెండు గదులు, మధ్యలో దగ్గితే వినిపించే గోడ. "మీ మామయ్యకి చెప్పు, గొడుగు మర్చిపోయాడు" అని నాతో అనేది, ఆయన ఎదురుగానే నిలబడి ఉంటే. ఆయన గొడుగు చంకలో పెట్టుకుంటూ, తీసుకున్నానని మీ అమ్మకి చెప్పు అనేవాడు. ఇద్దరి మధ్యా మాటలు మోసీ మోసీ నాకు చిన్నప్పుడే నడుం నొప్పి వచ్చింది. నా చదువూ, నా చెప్పులూ, నా జ్వరాలూ అన్నీ మామయ్యే చూసుకున్నాడు. అమ్మ ఏదీ వద్దనలేదు. వద్దన్నది ఒకటే, ఆయన చేతి వంట.

మామయ్య మళ్ళీ ఓడ ఎక్కలేదు. రేవు గేటు పక్కన, పాత తాళ్ళ గోదాము మూల గదిలో క్యాంటీన్ పెట్టాడు. నాలుగు బల్లలు, ఓ పెద్ద పొయ్యి, అద్దంలా మెరిసే గిన్నెలు. రేవులో సగం మంది ఆయన సూపు కోసం లొట్టలేసుకుంటూ వచ్చేవారు. రోజూ ఓ గిన్నెలో మొదటి వాయి తీసి, మూతపెట్టి, ఇంటికి తెచ్చి మా గడప మీద పెట్టేవాడు. అమ్మ దాన్ని నాకు పెట్టి, గిన్నె తళతళా తోమి వెనక్కి పంపేది. అంత తళతళలాడే గిన్నె చూసి ఆయన మొహం చిన్నబోయేది. పెళ్ళి ఊసెత్తితే, ఓడ ముంచినవాడికి పిల్లనెవరిస్తారనేవాడు. ఇస్తామని వచ్చినవాళ్ళని కూడా ఓడ కథ చెప్పి పంపేశాడు, అది వేరే సంగతి. ఆయనకి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. అక్క తనతో నోరారా మాట్లాడి, తన చేత్తో వండింది ఓసారి తినాలి.

అమ్మకి మిగిలిన ఓదార్పు కూడా ఒక్కటే. ఆఖరి పూట నాన్న తీరిగ్గా కూచుని టీ తాగి వెళ్ళాడన్నది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మనిషి ఏదీ కూచుని తిన్నవాడు కాదట, ఎప్పుడూ నిప్పు పిలుస్తోందని పరుగే. పోయే ముందైనా ఆ కాస్త సుఖం దక్కిందని ఆవిడ సంతృప్తి. తమ్ముణ్ణి అడగదు కదా, నన్ను పంపేది. రెండో గ్లాసు ఆయనే అడిగారా, మీ మామయ్య పోశాడా, కనుక్కుని రా అనేది. నేను గోడ అవతలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, నాన్నే అడిగాడటమ్మా అనేదాన్ని. ఆవిడ మొహం విచ్చుకునేది. మళ్ళీ కొన్నాళ్ళకి అదే ప్రశ్న, అదే జవాబు, అదే మొహం.

యుద్ధం అయిపోయింది. నిన్నటిదాకా గొంతులు కోసుకున్న పెద్దలు చేతులు కలుపుకుని ఫొటోలు దిగారు. శత్రుదేశం ఓడలు సరుకులేసుకుని మా రేవుకే వచ్చాయి. వాళ్ళ నావికులు మామయ్య క్యాంటీన్‌లోనే కూచుని సూపు తాగేవారు. మామయ్య పట్టుబట్టి వాళ్ళ భాష నేర్చుకున్నాడు. మొత్తం భాష అనుకునేరు, ఉప్పు కావాలా అని అడగడం కూడా రాదు. ఒక్క ప్రశ్న మాత్రం పొల్లుపోకుండా నేర్చాడు. మీరు సబ్‌మెరైన్‌లో పనిచేశారా, తొక్కలు చూసి ఓడల్ని పట్టేవారా? అప్పుడే సూపు నోట్లో పెట్టుకున్నవాడికి పొలమారేది. కొందరు నవ్వేవారు, కొందరు మూతి ముడుచుకుని లేచిపోయేవారు. ఊళ్ళోవాళ్ళు నమ్మకపోతే పోయారు, ముంచినవాళ్ళ నోటితోనే అవుననిపించుకోవాలని ఆయన పంతం. అలా ఏళ్ళు గడిచాయి. నేను పెద్దదాన్నయి క్యాంటీన్‌లో వడ్డించే పనిలో చేరాను. ఆ ప్రశ్న వినీ వినీ నాకు నిద్రలో కూడా వచ్చేసేది.

అప్పుడు వచ్చాడు ఆ మెకానిక్. రేవులో కొత్త క్రేన్లు బిగించడానికి ఆ దేశం నుంచి పంపారు. పొడుగ్గా, బక్కగా, చొక్కా వంకెకి తగిలించినట్టు ఉండేవాడు. యుద్ధఖైదీగా కొన్నాళ్ళు మా దేశంలోనే ఉన్నాడట, మా భాష వచ్చీరానట్టు మాట్లాడేవాడు. మామయ్య అలవాటు ప్రకారం ప్రశ్న వేశాడు. మెకానిక్ స్పూను కింద పెట్టి, తాను సబ్‌మెరైన్‌లోనే పనిచేశానన్నాడు. దుర్భిణీ పట్టుకుని చుట్టూ కాపు కాసే పనట. మామయ్య ఎదురుగా కూచుని ఏ సముద్రం, ఏ వేసవి అని గుచ్చి గుచ్చి అడిగాడు. అన్నీ కలిశాయి. ఒక ఓడని ముంచాక నీళ్ళ నిండా బెండు మూటలు తేలాయనీ, అంత బెండు తాను మళ్ళీ ఎక్కడా చూడలేదనీ మెకానిక్ అన్నాడు. మామయ్య మొహం వెలిగిపోయింది. నిజంగానే వెలిగింది, నేనెందుకు అబద్ధం చెప్పాలి? ఇన్నేళ్ళకి సాక్షి దొరికాడు మరి.

"తొక్కలు చూశారు కదూ?" అన్నాడు. "క్యాబేజీ ఆకులు?"

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. యుద్ధం మొత్తంలో తొక్కలు చూసి పట్టుకున్న ఓడ ఒక్కటీ లేదట. పక్షులు సగం తినేస్తాయి, అలలు సగం చెదరగొడతాయి.

"పొగ," అన్నాడు. "తెల్లవారుతూ నల్ల పొగ. చాలాసేపు. అది లేకపోతే మేము ఇంకోవైపు పోయేవాళ్ళం. అది చూసి కేక వేసింది నేనే."

నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. మామయ్య మాత్రం లేచి వెళ్ళి ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ నిలబడ్డాడు. వెనకాలే వెళ్ళి, విన్నావా, నువ్వు కాదు, పద అమ్మకి చెబుదాం అన్నాను. ఆయన నన్ను దుంపల బస్తా మీద కూచోబెట్టి బొగ్గు ఎలా వెయ్యాలో చెప్పడం మొదలుపెట్టాడు. కొంచెం కొంచెం తీసి పల్చగా చల్లాలట. అప్పుడు పొగ పెద్దగా రాదు గానీ, మనిషి అక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు. కాసేపు తప్పించుకోవాలనుకున్నవాడు పొయ్యి నోటి నిండా బొగ్గు కుక్కేసి పోతాడు. నిప్పు నిలుస్తుంది, నల్లటి పొగ మాత్రం గొట్టం నిండా లేస్తుంది. యుద్ధంలో అలా చెయ్యకూడదని ఎంత చెప్పినా ఎవరో ఒకరు చేసేవారట. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడీ పాఠమెందుకు అన్నాను.

"మీ నాన్న ఆ పూట అంత తీరిగ్గా ఎలా కూచున్నాడనుకుంటున్నావే?"

నాకు వెంటనే అర్థం కాలేదు. పొయ్యి నోటి నిండా బొగ్గు కుక్కేసి పైకొచ్చాడన్నమాట. మామయ్యకి కూడా ఇన్నేళ్ళూ తట్టలేదు. తన చెత్త డబ్బా ఒక్కటే కళ్ళ ముందు పెట్టుకుని బతికిన మనిషికి ఇంకోటి ఎలా తడుతుంది? నాన్న మీద నాకు మొట్టమొదటిసారి కోపం వచ్చింది. కోప్పడే అవకాశం కూడా ఇవ్వకుండా పోయిన మనిషి మీద కోపం. ఏడుపు కూడా వచ్చింది. టీ కోసం, ఒక్క టీ కోసం!

"నువ్వు నోరు విప్పావంటే నా మీద ఒట్టే," అన్నాడు మామయ్య. "అక్కకి మిగిలింది ఆ టీ ఒక్కటే. అదీ లాగేసుకుంటామా?"

మరి నీ సంగతేమిటన్నాను. నాకేం, అలవాటైపోయింది అన్నాడు.

రేవులో మాట దాగదు. టార్పీడోకి జవాబు దొరికిందట, ఎవరో పరదేశి ముందు కూచుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట అని ఇంటికి చేరిపోయింది. మర్నాడు మధ్యాహ్నం, క్యాంటీన్ కిటకిటలాడుతుండగా గుమ్మంలో అమ్మ కనిపించింది. ఏనాడూ ఆ గుమ్మం తొక్కని మనిషి. మామయ్య చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ నన్ను మధ్యలో పెట్టలేదు. సూటిగా తమ్ముడి మొహంలోకి చూసి అడిగింది.

"ఎవడో దొరికాడటగా. ఏమన్నాడు?"

ఇన్నేళ్ళూ నిజమనుకుంటూ చెప్పిన మాటనే, అబద్ధమని తెలిసి మామయ్య మళ్ళీ చెప్పాడు.

"తొక్కలు చూసే వచ్చారట అక్కా. నేనన్నదే నిజం."

ఆ మనిషేడీ అంది అమ్మ. ఓడెక్కి వెళ్ళిపోయాడన్నాడు. ఆ మనిషి మూల బల్ల దగ్గర సూపు తాగుతున్నాడు. మా భాష కొంచెం వచ్చినవాడాయె. స్పూను ఆగింది, తల మాత్రం ఎత్తలేదు.

అమ్మ బల్ల లాక్కుని కూచుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"పోనీలేరా," అంది. "ఇంట్లో చెత్త నిలవుంటే వీపు చీరేసింది నేను కాదూ? ఇంతవాడివి, చీకటంటే భయం, ఏడుస్తూ వెళ్ళి పారబోసొచ్చేవాడివి. నేను నేర్పిందే చేశావు. ఆ సభలోనే నాకు తెలిసిపోయింది. నీతో మాట్లాడితే ఈ మాట చెప్పాల్సొస్తుందని మాట్లాడలేదు."

మామయ్య నోరు తెరిచాడు. నిజం చెబితే అమ్మకి ఆ టీ పోతుంది, చెప్పకపోతే ఈ బరువు ఉండిపోతుంది. ఆయన నా వైపు చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. తర్వాత, నువ్వేం చేశావక్కా, నా చేతులు చేసిన పనికి నువ్వేం చేస్తావు అని గొణిగాడు. ముంచనివాళ్ళు ఇద్దరు కూచుని ఓడని చెరి సగం పంచుకున్నారు.

అమ్మ కళ్ళు తుడుచుకుని, ఇవాళ ఏం వండావు, పెట్టు అంది. మామయ్య తొందరలో సూపు బల్ల మీద సగం ఒలకబోశాడు. అమ్మ తిన్నది. ఉప్పు తక్కువైందంది. ఆయన అవునక్కా, అవునక్కా అంటూ అటు తిరిగి పొయ్యి వైపు మొహం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి.

మనసు తేలికపడిన మనిషి కదా, అమ్మ అప్పుడు చుట్టూ చూసింది. గిన్నెలు చూసింది, కిటికీలు చూసింది, మూల బల్ల వైపు చూసింది. ఆయనెవరే అని నన్నడిగింది. క్రేన్ల మెకానిక్ అన్నాను.

"పాపం, ఎముకలు తేలిపోయి ఉన్నాడు. ఊరుకాని ఊరొచ్చి ఏం తింటున్నాడో ఏమో. ఆ గిన్నెలో ఇంకాస్త పొయ్యవే."

మామయ్య వెనక్కి తిరగలేదు. నేను గరిటె తీసుకుని వెళ్ళి మెకానిక్ గిన్నె నింపాను. ఆయన లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, అమ్మ వైపు తల వంచాడు. కూచుని తినమను, చల్లారిపోతుంది అంది అమ్మ. నేను కూచుని తినమన్నాను.